అడిగినవారికి చెప్పినవాడు

సెలవులకు అరకు వెళ్ళినప్పుడల్లా నాకొక ఉద్యోగం కాచుకుని ఉంటుంది. జీతం లేదు, రాజీనామా చేసే వీలూ లేదు. లా చదివే కుర్రాడు ఊళ్ళో ఉన్నాడని తెలిస్తే చాలు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా సంతలో నన్ను పట్టుకుంటారు. ఒకాయన మడత పెట్టిన పట్టా కాగితం తీస్తాడు. ఒకావిడ ఆసుపత్రి చీటీ చూపించి, ఈ జ్వరం ఏ జ్వరమో చెప్పమంటుంది. పిల్లలకైతే ఒకటే సందేహం: అల్లూరి సీతారామరాజు సినిమాలో చూపించిన సీత నిజంగా ఉందా, లేదా?

యూనియన్ కార్యదర్శి ఈ సంచికకు ఎవరైనా మహనీయుని జీవితం రాయమన్నప్పుడు నాకు ఆ సీతారామరాజే గుర్తొచ్చాడు. ప్రతి ఏటా ఎవరో ఒకరు ఆయన మీద రాస్తూనే ఉన్నారని పాఠకులు విసుక్కోవచ్చు. కాని అందరూ రాసేది 1922 ఆగస్టు తర్వాతి కథ. నాకు కావలసింది దానికి ముందటి అయిదేళ్ళు. అప్పట్లో ఆయన చేసిన పని, కొంచెం ధైర్యం చేసి చెప్పాలంటే, సంతలో నేను చేస్తున్న పనే. ఆయన బాగా చేశాడు. నా సంగతి తర్వాత చెబుతాను.

ఆయన 1897 జూలై 4న భీమిలి దగ్గర పాండ్రంగిలో పుట్టాడు. కుటుంబానిది పశ్చిమ గోదావరిలోని మోగల్లు. తండ్రి వెంకటరామరాజు ఫోటోగ్రాఫరు. 1908లో కలరాతో పోయాడు. తల్లి సూర్యనారాయణమ్మ, పినతండ్రి రామకృష్ణంరాజు ఆయనను పెంచారు. చదువు మాత్రం నిలకడగా సాగలేదు. ఊరు మారినప్పుడల్లా బడి మారింది. మన విశాఖపట్నంలోనూ కొన్నాళ్ళు చదివి, పై మెట్టు ఎక్కకుండానే మానేశాడు. పరీక్ష తప్పిన మిత్రులు దీన్ని ఇంట్లో వాడుకోవచ్చు!

1916లో ఉత్తరదేశం తిరిగి, 1917లో కృష్ణదేవిపేట చేరాడు. మా అరకు నుంచి అది దగ్గరేమీ కాదు. పాడేరు, చింతపల్లి దాటి ఘాటీ దిగాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు అరకు ఆయన పేరు పెట్టిన జిల్లాలోకి వచ్చింది, ఆయన సమాధి ఉన్న ఊరు అనకాపల్లి జిల్లాలోకి పోయింది. ఇదొక చిత్రం.

అక్కడికి ముందుగా వచ్చినవాళ్ళు రోగులు. ఆయనకు ఆయుర్వేదం తెలుసు, మూలికలు తెలుసు, జ్యోతిషం కూడా కొంత తెలుసు. మన్యమంటేనే మలేరియా. కింది నుంచి వచ్చిన ఉద్యోగులు ఆ జ్వరానికి భయపడి బదిలీ కోసం ఎదురుచూసే రోజులవి. అలాంటిచోట మైదానం నుంచి వచ్చిన ఒక క్షత్రియ యువకుడు వైద్యం చేస్తూ, తాగుడు మానమని చెబుతూ, వాళ్ళ మధ్యే ఉండిపోయాడు. మందు పనిచేసిన చోట మాట కూడా పనిచేస్తుంది. తగాదాలు ఆయన దగ్గరికి రాసాగాయి. కోర్టులకు పోవద్దు, పంచాయితీల్లో తేల్చుకోండి అనేవాడు. సహాయ నిరాకరణ రోజుల్లో ఇది దేశమంతా వినిపించిన మాటే అయినా, కొండల్లో దాని అర్థం వేరు.

ఎందుకంటే ఏజెన్సీలో చట్టం ఎప్పుడూ వేరు దారినే నడిచింది. 1839 చట్టంతో మామూలు కోర్టుల అధికారం తీసేసి, అంతా కలెక్టరుకే, అంటే గవర్నరు ఏజెంటుకే అప్పగించారు. 1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు గీత గీసిన చోట పోడు కొట్టడం నేరమైంది. తాతల నాడు కొట్టుకున్న కొండ మీద మనవడు దొంగ అయ్యాడు. సర్కారు తరఫున శిస్తు వసూలు చేసే ముఠాదారుల మర్యాద కూడా తగ్గింది. ఆ పైన నర్సీపట్నం నుంచి కొండ మీదికి వేసిన రోడ్డు. గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ జనాన్ని ఆ పనికి తోలి, కూలి సరిగా ఇవ్వలేదు.

లా విద్యార్థిగా నన్ను నిలేసిన సంగతి ఇంకొకటి ఉంది. రాజు కొండకొచ్చిన 1917లోనే ఏజెన్సీ వడ్డీ, భూబదిలీ చట్టం వచ్చింది. ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతివాడి భూమి ఇతరులకు రాస్తే చెల్లదు, వడ్డీ నూటికి 24 మించరాదు అన్నది దాని సారం. మంచి చట్టమే. ఎవరి కోసం చేశారో వాళ్ళకు చదువు రాదు, చదివి చెప్పేవాడూ లేడు. ఉన్న చట్టం తెలియకపోతే లేని చట్టంతో సమానం కదా. అడగడానికి ఒక మనిషి దొరకడం ఎంత పెద్ద విషయమో అప్పుడు నాకు అర్థమైంది.

ఇక నా సంగతి. రెండేళ్ళ కిందట సంతలో ఒక తాత ఒక కాగితం చూపించాడు. కింది నుంచి వచ్చిన ఎవరో ఆయన మెట్ట ముక్కను లీజుకు అడుగుతున్నారు, గదులు కట్టి టూరిస్టులకు అద్దెకిస్తారట. నేను బస్సు తొందరలో ఉన్నాను. పైపైన చూసి, లీజే కదా తాతా, పరవాలేదు అన్నాను. తాత వేలిముద్ర వేశాడు. ఆ తర్వాత టర్ములో మా మాస్టారు 1970 నాటి 1/70 రెగ్యులేషన్ పాఠం చెప్పారు. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదు, లీజు కూడా బదిలీయే. 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పు చెప్పింది బొర్రా దగ్గరి గనుల లీజుల మీదే, మా పక్క కొండల మీదే. క్లాసులో నా చెవులు వేడెక్కాయి. వెళ్ళి తాత చేత అర్జీ పెట్టించాను. వాయిదాలు నడుస్తున్నాయి. నన్ను ఆయన ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధ.

రాజుకి ఈ తొందర లేదు. అయిదేళ్ళు కూర్చుని విన్నాడు. ఫిర్యాదులు పైకి వెళ్ళినా ఫలితం లేకపోయింది, పోలీసుల అనుమానం మాత్రం ఆయన మీదికి తిరిగింది. 1922 మొదట్లో ఆయనను నిఘాలో పెట్టారు. అప్పుడు గాం గంటందొర, మల్లుదొర వంటివారితో కలిసి ఆయన ఎత్తుకున్న దారి అందరికీ తెలిసిందే. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు. తీసుకున్న తుపాకుల లెక్క స్టేషను పుస్తకంలో రాసి, సంతకం పెట్టి మరీ పోయాడు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయారు. డిసెంబరులో దెబ్బ ఇటు తిరిగింది, అనుచరులు చాలామంది పోయారు. 1924 మే 7న మంప దగ్గర పట్టుకుని, కొయ్యూరులో చెట్టుకు కట్టి కాల్చారు. ఇంకా 27 నిండలేదు.

పిల్లల ప్రశ్న మిగిలిపోయింది. 1974లో వచ్చిన సినిమాలో సీత ఉంది, సర్కారు కాగితాల్లో మాత్రం ఆయన పేరు శ్రీరామరాజు. సీత కథకు రుజువు లేదు. ఆయనకు తూటా తగలదనీ, చనిపోలేదనీ కూడా మన్యంలో చాలాకాలం చెప్పుకున్నారు. ఇదంతా కల్పన అని చెప్పినప్పుడు పిల్లల మొహాలు చిన్నబోతాయి. అందుకని మందిచ్చిన కథ, తగాదా తీర్చిన కథ చెబుతాను. వాళ్ళకు తుపాకులే ఇష్టం, నేనేం చెయ్యను!

మొన్న కృష్ణదేవిపేట వెళ్ళాను. పార్కులో రాజు సమాధి, గంటందొర సమాధి ఉన్నాయి. గేటు దగ్గర ఒక ముసలమ్మ నా చేతిలో పుస్తకం చూసి, కొంగుముడి విప్పి గోలీల అట్ట తీసింది. ఇవి ఎన్ని పూటలు వేసుకోవాలి బాబూ అని అడిగింది. అట్ట మీద పేరు చదివాను, పూటలు అందులో లేవు. నాకు తెలీదమ్మా అన్నాను. ఇచ్చిన నర్సమ్మ దగ్గరికి ఇద్దరం నడిచి వెళ్ళాం.