యల్లాప్రగడ సుబ్బారావుగారు

మన కొల్లేటి సీమకు చేరువనున్న భీమవరమున 1895లో యల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించిరి. మెట్రిక్యులేషనునందు రెండుమారులు తప్పియు, మూడవమారు కృతార్థులై, మదరాసున వైద్యవిద్య ముగించి, అమెరికా చేరిరి. హార్వర్డునందు ఫిస్కె పండితునితో గూడి, కండరములలోని ఏ.టి.పి. యను ద్రవ్యమును 1929లో వెల్లడించిరి. దీపమునకు నూనె యెట్టిదో జీవకణమునకు అది యట్టిది.

వెన్నుపాము నలిగినచో రక్తము తగ్గి, కణములందు ఈ నూనె యడుగంటును. పగిలిన కణములనుండి ఒలికినది వాపును రేపి, పొరుగు కణములను గూడ చంపునని తరువాతి పరిశోధకులు కనుగొనిరి. కావున తాటిచెట్టునుండి పడినవానిని కూర్చుండబెట్టక, మెడయు వెన్నును కదలకుండ బల్లపై నుంచి, జాగు చేయక ఆసుపత్రికి గొనిపోవలయునని మేము బోధించుచున్నాము.

సుబ్బారావుగారు 1948లో న్యూయార్కున కీర్తిశేషులైరి. పరీక్ష తప్పిన బాలకులారా, అధైర్యపడకుడు.