ఫాదరు హయ్యరుగారి చరిత్రము

వేమూరు మొదలుకొని అటు తెనాలికిని ఇటు రేపల్లెకును పోవు త్రోవలో పెక్కు గ్రామములయందు లూథరను ప్రార్థనమందిరములు కానవచ్చుచుండును. వాని ప్రక్కగా నిత్యము నడచిపోవు మనలో అవి యెట్లు వచ్చినవని విచారించువారు అరుదు. మతవిశ్వాసముల మాట యటుంచుదము. ఒక సత్కార్యము క్షీణించి అన్యుల చేతికి పోవనున్న తరుణమున దానిని మరల నిలిపిన మనుష్యుడెట్టివాడో ఎఱుగగోరు వారికి ఆ సంఘమునకు మూలపురుషుడైన హయ్యరుగారి చరిత్రము పఠనీయమని మా యభిప్రాయము.

జాను క్రిస్టియను ఫ్రెడరికు హయ్యరుగారు 1793వ సంవత్సరము జూలై 10వ తేదీన జర్మనీ దేశమందలి హెల్మ్‌స్టెట్టు పట్టణమున జన్మించిరి. నెపోలియను యుద్ధములచే యూరపుఖండము తల్లడిల్లుచున్న 1807లో తలిదండ్రులు బాలుని అమెరికాలోని ఫిలడెల్ఫియాకు ఒక బంధువు నొద్దకు పంపిరి. అచ్చట దైవశాస్త్రము నభ్యసించి, కొంతకాలము స్వదేశమునకు మరలి గొట్టింగెను విశ్వవిద్యాలయమున చదివి, 1820లో బోధకులుగా నభిషిక్తులైరి. తరువాత ఇరువది యేండ్లు పెన్సిల్వేనియా మొదలగు సీమలలో చెదరియున్న వలసకుటుంబముల నడుమ సంచరించుచు సంఘములను, బడులను నెలకొల్పుచుండిరి. 1839లో భార్య గతించెను. ఆఱుగురు సంతానము మిగిలిరి.

దక్షిణభారతమునకు పోవలెనని 1840 ప్రాంతమున ఆయనకు పిలుపు వచ్చెను. అయితే ఆ ప్రయాణమును మఱియొక క్రైస్తవశాఖవారి సభ పెత్తనము క్రింద నడపుదమని అచ్చటి పెద్దలు యోచించినపుడు ఆయన ఒప్పుకొనక తమ నియామకమును వదలుకొనిరి. పిమ్మట పెన్సిల్వేనియా లూథరను సభవారే స్వయముగా పంపనుద్దేశించిరి. 1841 అక్టోబరులో ఓడయెక్కి, సింహళము మీదుగా దేశము ప్రవేశించి, 1842 జూలై 31వ తేదీన గుంటూరు చేరిరి. అప్పటికాయన వయస్సు నలువదితొమ్మిది. పిల్లలను సముద్రమున కావల విడిచి వచ్చిన తండ్రిని మెచ్చుటయా, తప్పుపట్టుటయా? మేమును బిడ్డలు గలవారమే. ఈ విషయమున తీర్పుచెప్ప జాలము.

ఆనాటి గుంటూరుసీమను మన యిప్పటి కన్నులతో చూడరాదు. 1832-33 నాటి నందన కరవు గ్రామములను పాడుచేసి పోయి పదేండ్లైనను కాలేదు. బెజవాడ యానకట్ట 1855కు గాని పూర్తికాలేదు. రైలు మాటయే లేదు. జిల్లా కలెక్టరు హెన్రీ స్టోక్సుగారు ఇంగ్లండు సంఘమునకు చెందినవారయ్యును హయ్యరుగారిని ఆదరించి గుంటూరున నిలుపుకొనిరి. హయ్యరుగారు తెలుగు నేర్చి బడులు పెట్టిరి. 1844లో వాల్టరు గన్నుగారు తోడ్పాటునకు వచ్చిరి. ఆరోగ్యము చెడుటచే హయ్యరుగారు అమెరికాకు మరలి, అచ్చట విశ్రమింపక బాల్టిమోరులో వైద్యము చదివి 1847లో పట్టము పొందిరి. ఏబదినాలుగేండ్ల వయస్సున విద్యార్థియగుటకు సిగ్గుపడనివారు ఎందఱుందురు? 1848లో మరల గుంటూరు చేరి, మఱుసటి యేట గురజాల కేంద్రముగా పలనాటిలో పనికి పూనిరి. ఆ సంఘమున చేరినవారిలో పెక్కురు మనవారు ఊరి వెలుపల నుంచినవారే. వారి బిడ్డలకు అక్షరము చెప్పవలెనన్న తలంపు మన యగ్రహారములలో పుట్టకపూర్వమే పరదేశి యొకడు వారి పల్లెలకు నడచివచ్చెననుట మనము మఱవరాని సంగతి.

అంతలో ఉత్తరజర్మనీ మిషనువారు తమ రాజమహేంద్రవరపు పనిని 1850-51 ప్రాంతమున ఈ అమెరికావారికి అప్పగించిరి. 1857లో హయ్యరుగారు స్వదేశమునకు పోయి, మిన్నెసోటా రాష్ట్రమున సంఘములను కూర్చి, 1860లో అచ్చటి సభకు ప్రథమాధ్యక్షులైరి. ఇంతటితో కథ ముగిసియుండినను గౌరవప్రదమైన జీవితమే. కాని అసలు చెప్పవలసినది దీని తరువాత జరిగినది.

1861 మొదలు 1865 వఱకు అమెరికాలో అంతర్యుద్ధము సాగెను. ధనసహాయము సన్నగిల్లెను. పిదప అచ్చటి లూథరనులే రెండు కూటములుగా చీలిరి. ఇచ్చట లాంగుగారు 1866లో మశూచిచే మరణించిరి. తుదకు ఉనాంగ్‌స్టుగారొక్కరే మిగిలిరి. కృష్ణకు ఇవతల గుంటూరు, గోదావరి గట్టున రాజమహేంద్రవరము. ఒక్క మనుష్యుడు రెంటి నెట్లు చూడగలడు? కావున రాజమహేంద్రవరపు పనిని ఇంగ్లండు సంఘపు మిషనువారి కొప్పగించుటకు ఏర్పాటయ్యెను. వారు మచిలీపట్టణమున 1841 నుండి పనిచేయుచున్న సమర్థులు. అందు ద్రోహ మేమియు లేదు. మా వృత్తిలో ధర్మసంస్థల దస్తావేజులు మేము చాల చూచితిమి. సంస్థలు దావాలలో పోవుటకంటె ధర్మకర్తలు విసిగి పోగొట్టుటయే యెక్కువ. ఆ విసుగు ఎల్లప్పుడును వివేకము వేషముననే వచ్చును.

ఈ వార్త హయ్యరుగారికి జర్మనీలో నుండగా తెలిసెను. ఆయన అట్లాంటికు సముద్రము దాటి, 1869 మే నెలలో రీడింగు పట్టణమున కూడిన పెన్సిల్వేనియా సభకు ప్రయాణపు సంచితో సహా వచ్చి, రాజమహేంద్రవరమును విడువవలదనియు, పోవువారు లేనిచో తామే పోవుటకు సిద్ధముగా నున్నామనియు విన్నవించిరి. డెబ్బదియాఱవ యేట నున్న వృద్ధుడట్లు నిలువబడగా కాదనువారు లేకపోయిరి. ఆ వేసవిలోనే బయలుదేరి సంవత్సరాంతమునకు గోదావరి తీరము చేరిరి. కుప్పకూలిన లెక్కలను, బడులను సరిచూచి, ఉపదేశకులకు ధైర్యముచెప్పి, 1870లో ష్మిట్టుగారును, తరువాత పౌల్సనుగారును వచ్చి పని నందుకొనువఱకు కాపుండిరి. 1871 ఆరంభమున మరలిపోయిరి. వారున్నది ఏడాదికి కొంచె మెక్కువ మాత్రమే.

ఇది శాఖాభిమానము కాదా యని కొందఱు మిత్రులు మమ్ముల నడిగిరి. 1841లో పరశాఖవారి పెత్తనము నొల్లనివాడే 1869లో పనిని పరశాఖవారి కిచ్చుట కంగీకరింపలేదు గదా! ఆ శంక నిరాధారము కాదు. సంకుచితత్వము కొంత యుండవచ్చును. అయినను స్టోక్సుగారివంటి అన్యశాఖీయుని స్నేహముచే పని మొదలుపెట్టిన వానికి ద్వేషము కారణమని మేమనుకొనము. తాము ఎత్తిన బరువును మెల్లగా ప్రక్కవాని భుజముపై పెట్టిన సభ రేపు తన యూరి బడిని సయితము మోయజాలదని ఆయన యెఱుగును. ఆయన వాదముతో ఆగక స్వయముగా పోయెను. సభ మేల్కొన్నది అందుచేతనే.

పర్యవసానము చూడుడు. 1883లో డాక్టరు అన్నా కూగ్లరుగారు గుంటూరు వచ్చి స్త్రీవైద్యమునకు పునాదివేసిరి. 1885లో నేటి ఆంధ్ర క్రైస్తవ కళాశాలకు అంకురార్పణ జరిగెను. 1927లో గుంటూరు, రాజమహేంద్రవరము రెండును కలసి ఆంధ్ర సువిశేష లూథరను సంఘమయ్యెను. ఒప్పందము జరిగియుండినచో గోదావరి సంఘములును మచిలీపట్టణపు సంఘములతోపాటు 1947లో దక్షిణ ఇండియా సంఘమున కలసియుండెడివేమో.

ప్రొటెస్టెంటులలో బోధకుని ఫాదరని పిలుచు వాడుక లేదు; వయస్సునుబట్టి, ప్రేమనుబట్టి ఆయనకా పేరు వచ్చెను. కడపటి దినములలో ఫిలడెల్ఫియా దైవశాస్త్ర పాఠశాలలో విద్యార్థుల మంచిచెడ్డలు చూచుచు, 1873 నవంబరు 7వ తేదీన కన్నుమూసిరి. యౌవనమున తాము సేవించిన సోమర్సెట్టు ప్రాంతముననే ఆయనను సమాధిచేసిరి.