ప్రాణశక్తి రహస్యాన్వేషి – యల్లాప్రగడ సుబ్బారావు

వానలో తడిసిన నాగటికర్రు కొద్దిరోజులకే తుప్పుపడుతుంది. గాలిలోని ఆక్సిజన్ ఇనుము నుండి ఎలక్ట్రాన్లను గ్రహించడమే అందుకు కారణం. ఆ ఇనుమూ ఆ ఆక్సిజనే మన దేహంలో ప్రాణాన్ని నిలుపుతున్నాయి. రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ‘హీమ్’ అనే వలయమూ, దానిని చుట్టుకొన్న ప్రోటీనూ ఇనుప పరమాణువును పొదివి పట్టుకొని ఉంటాయి. అందువల్ల ఆ ఇనుము తుప్పుపట్టక ఆక్సిజన్‌ను మోసుకొనిపోయి కణాలకు అప్పగిస్తుంది. కణాలలో ఇనుము గల మరికొన్ని ప్రోటీన్లు ఎలక్ట్రాన్లను ఒకదాని నుండి మరొకదానికి అందిస్తూ తుదకు ఆక్సిజన్‌కు చేరుస్తాయి. ఈ ఆక్సీకరణంలో వెలువడిన శక్తి ఏ.టి.పి. అనే పదార్థంలో నిలువ ఉంటుంది. ఆ పదార్థాన్ని లోకానికి తెలిపినవారిలో ఒకరు మన తెలుగువారైన యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో వెంకమ్మ, జగన్నాథం దంపతులకు జన్మించారు. పేదరికం వెన్నాడినా తల్లి పట్టుదల వల్ల చదువు సాగింది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురైన ఆయన ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే తృప్తిపడవలసి వచ్చింది. ఆహారం ఒంటబట్టనీయక రక్తాన్ని క్షీణింపజేసే ‘స్ప్రూ’ వ్యాధి అన్న పురుషోత్తంను బలిగొన్నది. వైద్యం నేర్చిన తమ్ముని హృదయంలో ఆ మరణం మానని గాయమైంది.

1920ల ఆరంభంలో ఆయన అమెరికా చేరి, పొట్టకూటికి ఆసుపత్రిలో చిన్న కొలువు చేస్తూ హార్వర్డులో పరిశోధన సాగించారు. 1925లో ఫిస్కేతో కలిసి రక్తంలోని ఫాస్పరస్‌ను కొలిచే పద్ధతిని, 1929లో ఏ.టి.పి.ని వెలువరించారు. అయినా హార్వర్డులో స్థిరమైన పదవి లభించలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. ఎంత ఇనుము ఉన్నా ఫోలిక్ ఆమ్లం కొరవడితే ఎర్రరక్తకణాలు సక్రమంగా రూపొందవు. ఆ ఆమ్లాన్ని 1945లో ఆయన నాయకత్వంలోని బృందం కృత్రిమంగా తయారుచేసింది. అన్నను కబళించిన వ్యాధికి ఎట్టకేలకు మందు దొరికింది. బోదకాలుకు వాడే హెట్రజాన్ సైతం ఆయన పర్యవేక్షణలో రూపొందినదే.

మాతృదేశాన్ని మరల చూడకుండానే 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయస్సులో సుబ్బారావు కన్నుమూశారు. నేడు నెల్లూరు జిల్లా పడమటి సీమలోని ఉదయగిరి, ఆత్మకూరు మొదలుకొని దేశమంతటా ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భవతులకు ఇచ్చే మాత్రలో ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లమూ ఉంటుంది. అన్నను దక్కించుకోలేకపోయిన తమ్ముని తపన ఆ మాత్రలో దాగి ఉంది. దానిపై ఆయన పేరు మాత్రం కనిపించదు.