భాగ్యరెడ్డి వర్మ: మన ముఖాన్ని మనకు చూపిన మనిషి



శ్రీరాంపూర్‌లో ఫస్ట్ షిఫ్టు విడిచే వేళ రోడ్డు పక్కన నిలబడితే, గని నుంచి ఇంటికి మళ్లే మనుషుల కళ్లు, పళ్లు తప్ప మిగతాదంతా బొగ్గు రంగులోనే కనిపిస్తుంది. మేము అలాంటి ఇండ్ల నుంచే హాస్టల్‌కు వచ్చాము. బాపు ఒంటి మీది బొగ్గు రెండు బకెట్ల నీళ్లతో పోయేది. ఒంటి రంగు పోయేది కాదు. పోవలసిన అవసరమూ లేదు. కానీ ఈ రెండింటి తేడా మాకు చాలా ఏండ్లు తెలియలేదు.

ఎనిమిదో తరగతిలో ఉండగా మేము చదివే బడిలో ఒక సభ జరిగింది. అతిథులకు పూలు ఇవ్వడానికి ముఖం బాగున్న పిల్లలను ఏరారు. మమ్మల్ని కుర్చీలు మోయడానికి పంపారు. ఆ రోజు ఎవరితోనూ ఏమీ అనలేదు. రాత్రి మాత్రం వరండాలోని పగిలిన అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాము. ఆ మరుసటి నెల ఇంటి నుంచి తెచ్చిన డబ్బులతో తెల్లబడే క్రీము కొని ట్రంకు పెట్టెలో బట్టల కింద దాచుకున్నాము.

పీజీకి వచ్చాక లైబ్రరీలో భాగ్యరెడ్డి వర్మ జీవితం చదివినప్పుడు ఆ రాత్రి మళ్లీ గుర్తుకు వచ్చింది. ఆయన పేరు మనలో చాలామంది విన్నారు. ఏం చేశారని అడిగితే మాత్రం రెండు మాటల దగ్గర ఆగిపోతాము. అందుకే ఈ సంచికలో ఆయన గురించి రాస్తున్నాము.

ఆయన 1888 మే 22న హైదరాబాద్‌లో ఒక మాల కుటుంబంలో పుట్టారు. తండ్రి మాదరి వెంకయ్య, తల్లి రంగమాంబ. తల్లిదండ్రులు పెట్టిన పేరు భాగయ్య. ఆ ఇంటికి వచ్చే కుటుంబ గురువు ఆ పేరును భాగ్యరెడ్డిగా మార్చారు. ఈ నేలకు మొదటి పాలకులు ఈ జనమేననీ, పాలకుడనే అర్థంలోనే ఆ పేరు పెడుతున్నాననీ ఆయన నమ్మకం. పేరు మారినంత మాత్రాన ఇంట్లో గింజలు పెరగలేదు. తండ్రి త్వరగా పోయారు. పిల్లలను సాకే భారమంతా తల్లి మీద పడింది.

భాగ్యరెడ్డి చిన్న వయసులోనే డాస్ సాంటోస్ అనే బారిస్టరు ఇంట్లో పనికి కుదిరారు. ఆ బారిస్టరు పని చేయించుకోవడంతో ఆగకుండా చదువుకునే దారి కూడా చూపారు. మన కాలంలో హాస్టల్ చేసే పనిని ఆ రోజుల్లో ఆయనకు ఒక్క ఇల్లు చేసిపెట్టింది. కానీ అలాంటి ఇల్లు ఎంతమందికి దొరుకుతుంది? దొరకని పిల్లల సంగతి ఏమిటి? ఆయన తర్వాతి జీవితమంతా ఈ ప్రశ్నకు జవాబు వెతకడంలోనే గడిచింది.

1906లో, అంటే పద్దెనిమిదేళ్ల వయసులో, ఆయన జగన్మిత్ర మండలిని స్థాపించారు. చదువురాని జనానికి కరపత్రాలు పంచితే లాభం లేదు కాబట్టి హరికథలు, భజనల ద్వారా వాడల్లో మాట్లాడారు. 1910లో ఇసామియా బజార్‌లో మొదటి బడి తెరిచారు. నిజాం రాజ్యంలో ఉర్దూ చెలామణి అవుతున్న ఆ కాలంలో, మన పిల్లలకు వాళ్ల ఇంటి భాష అయిన తెలుగులో చదువు చెప్పించారు. ఒక్క బడితో మొదలై క్రమంగా 26 బడులు, సుమారు 2,500 మంది పిల్లల వరకు ఆ పని పెరిగింది. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం ఆ బడులను తన చేతుల్లోకి తీసుకుంది.

1911లో జగన్మిత్ర మండలి మన్యసంఘంగా మారింది. 1913లో ఆర్యసమాజం వారు ఆయనకు వర్మ అనే బిరుదు ఇచ్చారు. నగరంలో ప్లేగు, ఇన్‌ఫ్లుయెంజా వ్యాపించి సొంతవాళ్లే రోగిని వదిలి పారిపోతున్న రోజుల్లో ఆయన వాలంటీర్ల దళంతో రోగులకు సేవ చేశారు. ముట్టుకోకూడదని లోకం పక్కకు నెట్టిన చేతులే ఎవరూ ముట్టుకోని రోగులను ముట్టుకున్నాయి. మైల అనేది పుట్టుకలో ఉందని నమ్మేవాళ్లకు ఇంతకంటే వేరే జవాబు ఏం కావాలి?

1917 నవంబరులో బెజవాడలో ఆంధ్రదేశ పంచమ మహాజన సభ జరిగింది. అధ్యక్షత ఆయనదే. పంచములు అంటే నాలుగు వర్ణాలకు బయట ఉన్న అయిదోవాళ్లని అర్థం. ఆ పేరే మనకెందుకని ఆయన అడిగారు. మనం ఈ నేల మొదటి మనుషులం కాబట్టి ఆది ఆంధ్రులమని వాదించి ఆ సభ పేరునే మార్పించారు. హైదరాబాద్‌లోనూ అంతే. మన్యసంఘం 1922 నాటికి ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. 1931 జనాభా లెక్కల్లో నిజాం ప్రభుత్వం మనవాళ్లను ఆది హిందువులుగా నమోదు చేసింది. ఎవరో పెట్టిన పేరుతో పిలిపించుకుంటే, ఎవరి కళ్లతోనో మనల్ని మనం చూసుకుంటాము. ఆయన ముందు ఆ చూపును మార్చారు. చాదర్‌ఘాట్‌లోని ఆది హిందూ భవన్ ఆ కృషికి గుర్తు.

దేవుడి పేరు చెప్పి ఆడపిల్లలను మురళీలుగా, జోగినులుగా వదిలే ఆచారం మీద కూడా ఆయన పోరాడారు. పేదింటి పిల్ల అందంగా పుడితే అది ఊరి పెద్దలకు వేడుక, ఆ పిల్లకు శాపం. అందం అనే మాటకు మన ఇండ్లల్లో ఇలాంటి చరిత్ర కూడా ఉందని మన చెల్లెళ్లు తెలుసుకోవాలి. బాల్యవివాహాలు, అప్పుచేసి చేసే పెళ్లి ఖర్చులు, కల్లు సారా, మాంసం మానాలని కూడా ఆయన ప్రచారం చేశారు. 1930లో లక్నోలో జరిగిన అఖిల భారత ఆది హిందూ సభకు అధ్యక్షత వహించి, రౌండ్ టేబుల్ సమావేశంలో మన తరఫున మాట్లాడవలసింది అంబేద్కర్ గారేనని నిలబడ్డారు. 1931లో భాగ్యనగర్ పత్రిక నడిపారు. 1939 ఫిబ్రవరి 18న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 50.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మాంసం మానాలన్న విషయంలో మేము ఆయనతో పూర్తిగా ఏకీభవించలేము. తాగుడు ఇల్లు కూల్చడం మన కాలనీల్లో చూసినదే. మాంసం సంగతి వేరు. అది పేదవాడికి అందే మంచి పోషకాహారం. దాన్ని మానితేనే శుభ్రమైన మనుషులమవుతామంటే, మనల్ని మైల అన్నవాళ్ల కొలబద్దనే మనమూ పట్టుకున్నట్టు అవుతుంది. ఆయన బతికిన కాలం అది. ఎదుటివాళ్ల నోళ్లు మూయించడానికి అది కూడా ఒక దారి అనుకున్నారేమో. పెద్దవాళ్లను గౌరవించడమంటే వాళ్లు ఆగిన చోటే మనమూ ఆగడం కాదు.

ఆయన నుంచి మేము తీసుకున్నది ఒకటే. మురికి వేరు, మనిషి వేరు. మురికి నీళ్లు లేకపోవడం వల్ల, సబ్బు లేకపోవడం వల్ల, చేసే పని వల్ల వస్తుంది. అది కడిగితే పోతుంది. మనిషి రంగు, జుట్టు, ఒడ్డూపొడుగూ కడగవలసినవి కావు.

సైన్సు కూడా ఇదే చెబుతుంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేసే కణాలు తెల్లటివాళ్లలోనూ నల్లటివాళ్లలోనూ దాదాపు ఒకే లెక్కలో ఉంటాయి. తేడా అవి చేసే రంగు పాళ్లలోనే. ఆ రంగు ఎండ నుంచి మనల్ని కాపాడుతుంది. 2020లో ఫెయిర్ అండ్ లవ్‌లీ కంపెనీ తన క్రీము పేరులోంచి తెలుపును సూచించే మాటను తీసేసింది. మాట పోయినా ఆశ పోలేదు. కొందరు స్టెరాయిడ్ కలిసిన క్రీములను తెల్లబడటానికి పూస్తున్నారు. వాటివల్ల చర్మం పల్చబడుతుంది. తామర మీద పూస్తే దురద తగ్గినట్టే ఉండి మచ్చ ఇంకా పాకుతుంది.

మన హాస్టళ్లలో సబ్బు, నూనెలకు ఇచ్చే డబ్బును కాస్మొటిక్ చార్జీలంటారు. 2024లో ప్రభుత్వం ఈ చార్జీలను 200 శాతానికి పైగా పెంచింది. తమ్ముళ్లారా, ఆ డబ్బు మీ ఒంటి కోసం వాడండి, ఎవరి మెప్పు కోసమో వాడకండి. ఒకే గదిలో ఉన్నా అందరి ఒళ్లూ ఒకటి కాదు. ఒకరికి చలికాలంలో చర్మం పగులుతుంది, ఒకరికి చెమటకు పొక్కులు వస్తాయి, ఒకరి తలకు నూనె పడుతుంది, ఒకరికి చుండ్రు పెరుగుతుంది. పక్క మంచం వాడిని చూసి కాదు, మీ ఒంటిని చూసుకొని మీ అవసరం తెలుసుకోండి. గజ్జి విషయంలో మాత్రం అందరూ ఒకటే. ఒకరికి వస్తే గదిలో అందరూ ఒకే రోజు మందు పూసుకోవాలి, బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. సిగ్గుపడి దాచితే అది గదంతా తిరుగుతుంది.

మే 22న, ఆయన జయంతి నాటికి హాస్టల్‌కు సెలవులుంటాయి. కాబట్టి ఫిబ్రవరి 18న, ఆయన వర్ధంతి రోజు హాస్టల్‌లో ఆయన ఫొటో పెట్టి నాలుగు మాటలు చెప్పుకుందాము. పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక విన్నపం. ఆ రోజు పూలదండతో పాటు ఒక చర్మవ్యాధుల డాక్టరును తీసుకురండి. వరండాలోని పగిలిన అద్దం తీసేసి కొత్తది మేము పెట్టిస్తాము. ఈసారి ఆ అద్దం ముందు నిలబడే పిల్లవాడు తన ముఖాన్ని తన కళ్లతో చూసుకోవాలి.