పరుగుకు బంతిని తోడిచ్చిన మనిషి

షాన్ లావన్ 1973లో కన్నుమూశారు. ఐర్లండ్ పడమటి వైపున, మేయో కౌంటీలోని కిల్టిమా ప్రాంతంలో 1898లో పుట్టిన మనిషి. రెండు ఒలింపిక్స్‌లో పరుగెత్తారు, మేయో జట్టు తరఫున గేలిక్ ఫుట్‌బాల్ ఆడారు, డాక్టరుగా పనిచేశారు. ఒలింపిక్ పతకాలు తేలేదు. అయినా ఆయన కనిపెట్టిందని చెప్పే ఒక విద్య ఈనాటికీ ఐర్లండ్‌లో ప్రతి ఊరి మైదానంలోనూ సజీవంగా ఉంది. దాని పేరు 'సోలో రన్'.

గేలిక్ ఫుట్‌బాల్‌లో జట్టుకు పదిహేను మంది. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు. కానీ చేతిలో పెట్టుకుని నాలుగు అడుగులకు మించి నడవకూడదు. ఈ లోపల బంతిని వదిలించుకోవాలి. ఆ రోజుల్లో ఆటంతా ఎగిరి బంతి పట్టడం, బలంగా దూరంగా తన్నడం. అందులో స్ప్రింటర్ కాళ్లకు పనేముంది? వేగం అందుకునేలోపే బంతి చెయ్యి దాటిపోతుంది.

1921లో డబ్లిన్‌తో ఆడిన మ్యాచ్‌లో లావన్ ఆ చిక్కుముడి విప్పారని ఆట చరిత్ర చెబుతుంది. పరుగెత్తుతూనే బంతిని పాదం మీదికి జారవిడిచి, కాలివేళ్లతో పైకి ఎగరేసి, మళ్లీ చేతుల్లోకి తీసుకున్నారు. రెండు మూడు అడుగులు వేసి మళ్లీ అదే. నియమం చెక్కుచెదరలేదు, పరుగూ ఆగలేదు. కబడ్డీలో కూత తెగకుండా ఎదుటి పక్షంలోకి చొచ్చుకుపోయే ఆటగాడిలా, ఒక్కడే బంతితో ముందుకు దూసుకెళ్లే దారి దొరికింది. వినడానికి తేలిక. పూర్తి వేగంలో, అడుగు తూకం తప్పకుండా, కళ్లు ఎదుటివాళ్ల మీద ఉంచి చేయడానికి ఏళ్ల సాధన కావాలి.

1924లో స్వతంత్ర ఐర్లండ్ తొలిసారి తన సొంత జెండా కింద పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లింది. ఆ జట్టులో లావన్ ఉన్నారు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌కూ వెళ్లారు. 200, 400 మీటర్ల పరుగులు ఆయనవి. ఆమ్‌స్టర్‌డామ్‌లోనే హ్యామర్ త్రోలో పాట్ ఓ కల్లహన్ ఆ దేశానికి తొలి స్వర్ణం తెచ్చారు. ఆయనా డాక్టరే. కొత్తగా నిలబడుతున్న ఆ చిన్న దేశంలో చదువుకున్న యువకులు ఆటను, వృత్తిని రెండు భుజాల మీదా మోసిన కాలమది.

లావన్ సోలో రన్ గురించి తలచుకుంటే డిక్ ఫాస్‌బరీ గుర్తుకొస్తారు. 1968లో మెక్సికోలో వెల్లకిలా ఎగిరి హైజంప్ స్వర్ణం గెలిచిన అమెరికన్. తరువాత సివిల్ ఇంజినీరయ్యారు, 2023లో మరణించారు. ఆ ఎగురుడుకు లోకం ఆయన పేరే పెట్టింది. లావన్ విద్యకు ఎవరి పేరూ లేదు. ఇద్దరూ చేసింది మాత్రం ఒక్కటే: ఉన్న నియమాన్ని ఉన్నట్టే ఉంచి, అది ఇచ్చిన కాస్త జాగాలోంచి కొత్త దారి వేశారు. ఆవిష్కరణ అంటే యంత్రమే కానక్కర్లేదు. దేహానికి కొత్తగా నేర్పిన ఒక కదలిక కూడా ఆవిష్కరణే.

ఇవాళ ఐర్లండ్‌లో పిల్లలకు గేలిక్ ఫుట్‌బాల్ నేర్పేటప్పుడు తొలి పాఠాల్లోనే సోలో రన్ వస్తుంది. డబ్లిన్ చుట్టుపక్కల కాపురమున్న మన తెలుగువాళ్ల పిల్లలు స్థానిక క్లబ్బులో చేరినా నేర్చుకోవలసింది ఇదే. వాళ్లలో ఎంతమందికి లావన్ పేరు తెలుసో చెప్పలేను. ఒక్కసారైనా చెప్పమని అక్కడి అమ్మానాన్నలను, కోచ్‌లను కోరుతున్నాను. ఆటలో ఒక పద్ధతి ఆకాశం నుంచి ఊడిపడదు. ఎక్కడో ఒక మనిషి తెగించి మొదటిసారి చేసి ఉంటాడు. ఆ మనిషికి మనం తీర్చుకోగల రుణం పేరు పలకడమే.