విలియం హెన్రీ మెర్రిల్
విలియం హెన్రీ మెర్రిల్ (1868 - 1923) అమెరికాకు చెందిన విద్యుత్ ఇంజనీరు. విద్యుత్ పరికరాలను ముందుగా పరీక్షించి, అవి సురక్షితమని ధ్రువీకరించే పద్ధతికి పునాది వేసినవారిలో ముఖ్యుడు. ఇతడు స్థాపించిన అండర్‌రైటర్స్ లేబొరేటరీస్ (యూఎల్) ముద్ర అమెరికాలో అమ్మే అనేక గృహోపకరణాలపై, అక్వేరియం దీపాలపై కూడా కనిపిస్తుంది.

జీవితము

మెర్రిల్ న్యూయార్క్ రాష్ట్రంలోని వార్సాలో జన్మించాడు. 1889లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పట్టభద్రుడై, బోస్టనులో అగ్నిప్రమాద బీమా సంస్థల తరఫున విద్యుత్ తనిఖీదారుగా పనిచేశాడు.

1893లో షికాగోలో ప్రపంచ కొలంబియన్ ప్రదర్శన జరిగింది. తాత్కాలిక భవనాలలో సుమారు లక్ష విద్యుద్దీపాలు వెలిగించడంతో బీమా సంస్థలు కలవరపడి, వైరింగును పరిశీలించే పనిని మెర్రిల్‌కు అప్పగించాయి. ఆ జూలై 10న అక్కడి శీతల గిడ్డంగి కాలిపోయి పలువురు అగ్నిమాపక సిబ్బంది మరణించారు. అయితే ఆ ప్రమాదం విద్యుత్తు వలన కాక పొగగొట్టం వద్ద మొదలైంది.

తీగలు, స్విచ్చుల నాణ్యతకు తయారీదారు మాటే ఆధారంగా ఉన్న కాలమది. బీమా సంస్థల సహాయంతో మెర్రిల్ సుమారు 350 డాలర్ల పరికరాలతో చిన్న పరీక్షాశాల ప్రారంభించాడు. 1894 మార్చి 24న అక్కడ జరిగిన తొలి పరీక్ష, ఒక ఇన్సులేషను పదార్థం మండుతుందా లేదా అన్నది. 1901లో ఇది అండర్‌రైటర్స్ లేబొరేటరీస్‌గా నమోదైంది. విచిత్రమేమంటే 1903లో వెలువడిన దీని తొలి ప్రమాణం విద్యుత్తుకు సంబంధించినది కాదు, తగరపు రేకు తొడిగిన అగ్నినిరోధక తలుపులది. మెర్రిల్ 1916లో సంస్థ అధ్యక్షుడై, 1923లో మరణించేవరకు ఆ పదవిలో కొనసాగాడు.

పరీక్ష రుసుము చెల్లించేది తయారీదారుడే కనుక, ఫలితం అతనికి అనుకూలంగా ఉంటుందేమోనన్న సందేహం సహజం. షరతులను ముందే వ్రాసిపెట్టి అందరికీ ఒకే విధంగా వర్తింపజేయడమే దీనికి విరుగుడు. యూఎల్ ప్రభుత్వ సంస్థ కాదు.

అక్వేరియం దీపాలు

మెర్రిల్ కాలంలో బీమా సంస్థల ప్రధాన భయం మంటలు. చేపల తొట్టె దీపంలో మరొక ప్రమాదం ఉంది. ఆవిరి, నీటి తుంపరలు హోల్డరులోకి చేరవచ్చు, దీపమే జారి నీటిలో పడవచ్చు. ఉప్పునీటి తొట్టెలలో తుప్పు త్వరగా పడుతుంది. నీటిలో చేయి పెట్టిన మనిషి గుండా భూమిలోకి పోయే స్వల్ప కరెంటు ప్రాణం తీయగలదు, కాని దానికి ఫ్యూజు కాలిపోదు. అందుకే ఈఎల్‌సీబీ అవసరం. అక్వేరియం విద్యుత్ పరికరాలకు యూఎల్ 1018 అనే ప్రమాణం, అక్వేరియం దీపాలకు ఐఈసీ 60598-2-11 అనే అంతర్జాతీయ ప్రమాణం తరువాతి కాలంలో వచ్చాయి. ముద్ర దీపానికే గాని ఇంటి వైరింగుకు వర్తించదు. ఎర్త్ లేని ప్లగ్గులో పెడితే, ఎర్త్‌పై ఆధారపడిన ధ్రువీకృత దీపానికి కూడా ఆ రక్షణ ఉండదు.