రైతుబిడ్డ రిచర్డ్ కాబ్డెన్

ఎకనామిక్స్ చదివే మన విద్యార్థులకు రిచర్డ్ కాబ్డెన్ అంటే ఐదు మార్కుల ప్రశ్న. ధాన్య చట్టాల రద్దు, 1846, స్వేచ్ఛా వాణిజ్యం, మాంచెస్టర్ వర్గం అని నాలుగు మాటలు రాస్తే మూడు మార్కులకు ఢోకా లేదు. నేనూ అలాగే రాసి పాసయినవాణ్ణే. తరువాత అదే పాఠం క్లాసులో చెప్పవలసి వచ్చి ఆయన జీవితం మొదటినుంచి చివరిదాకా చదివితే, నోట్సులో ఎక్కడా లేని సంగతి ఒకటి తెలిసింది. విదేశీ ధాన్యాన్ని సుంకం లేకుండా రానివ్వాలని ఇంగ్లండునంతా కదిలించిన ఈ పెద్దమనిషి పుట్టుకతో ఫ్యాక్టరీ యజమాని కాదు, రైతుబిడ్డ. అందులోనూ పొలం పోగొట్టుకున్న రైతు బిడ్డ. సంచికకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం వారు అడగ్గానే ఆయనే గుర్తుకొచ్చాడు.

ఇంగ్లండుకు దక్షిణాన ససెక్స్‌లో మిడ్‌హర్స్ట్ అనే చిన్న పట్నం, దాని దగ్గర హేషాట్ అనే పల్లె. అక్కడ డన్‌ఫర్డ్ అనే పాత ఇంట్లో 1804 జూన్ 3న కాబ్డెన్ పుట్టాడు. పదకొండుమంది సంతానంలో నాలుగోవాడు. తండ్రి విలియం ఎవరినీ నొప్పించని మెతకమనిషి. లెక్కల్లో మాత్రం గట్టివాడు కాదు. 1809లో డన్‌ఫర్డ్ అమ్ముడుపోయింది. ఆ తరువాత కౌలుకు చేసినా కలిసిరాలేదు. పిల్లలను బంధువులు తలా ఒకరు పంచుకున్నారు. రిచర్డ్‌ను ఎక్కడో దూరాన యార్క్‌షైర్‌లో ఒక బడిలో వేశారు. ఐదేళ్ళపాటు అమ్మానాన్నల దగ్గరికి వచ్చింది లేదు, కడుపునిండా తిన్నదీ లేదు. డికెన్స్ నికొలస్ నికల్బీ నవలలో ఎండగట్టింది ఆ ప్రాంతపు బడులనే. పెద్దవాడయ్యాక కూడా ఆ రోజులను తలుచుకోవడం కాబ్డెన్‌కు ఇష్టం ఉండేది కాదు.

పదిహేనో ఏట లండన్లో బంధువు గిడ్డంగిలో గుమాస్తాగా చేరాడు. తరువాత బట్టల నమూనాలు పట్టుకుని గుర్రపుబండి మీద ఊరూరా తిరిగే అమ్మకందారు అయ్యాడు. 1828లో ఇద్దరు మిత్రులతో కలిసి, చాలామటుకు అరువు సొమ్ముతో సొంత వ్యాపారం పెట్టాడు. 1831లో లాంకషైర్‌లోని సాబ్డెన్ అనే చోట అద్దకం కర్మాగారం వాళ్ళ చేతికి వచ్చింది. మరుసటి ఏడు మాంచెస్టర్‌లో కాపురం పెట్టాడు. ముప్ఫై ఏళ్ళు దాటేసరికి ధనవంతుడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆయన అద్దించి అమ్మింది కాలికో. ఆ పేరు మన కోళికోడ్ నుంచి పోయింది. పూలబట్ట మోజు ఇంగ్లండుకు పట్టించినవి మచిలీపట్నంలాంటి మన రేవుల నుంచి వెళ్ళిన కలంకారీ బట్టలు. ఆ పోటీకి తట్టుకోలేక అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు గోల చేస్తే, 1721లో పార్లమెంటు పూలు అద్దిన నూలు బట్ట కట్టుకోవడమే నేరమంది. 1774 దాకా ఆ నిషేధం ఉంది. అంటే స్వేచ్ఛా వాణిజ్యానికి రాజధాని అనిపించుకున్న మాంచెస్టర్ నూలు పరిశ్రమ తప్పటడుగులు వేసింది కట్టుదిట్టమైన రక్షణ నీడలోనే. కాబ్డెన్ ఈ సంగతిని ఎంతగా పట్టించుకున్నాడో గాని, మనం మరిచిపోకూడదు.

ఇక ధాన్య చట్టం మాట. నెపోలియన్ యుద్ధాలు ముగియగానే గోధుమ ధర పడిపోతుందని భూస్వాములకు భయం పట్టుకుంది. పార్లమెంటు వాళ్ళదే. 1815లో చట్టం చేశారు: దేశంలో గోధుమ క్వార్టరు 80 షిల్లింగులకు చేరేదాకా బయటి గోధుమ అమ్మకానికి రాకూడదు. క్వార్టరు అంటే మన లెక్కలో రెండు క్వింటాళ్ళ పైచిలుకు. 1828లో దీన్ని కొంచెం సడలించి, ధర పెరిగేకొద్దీ సుంకం తగ్గే పద్ధతి పెట్టారు. రొట్టె కొనుక్కు తినేవాడికి మాత్రం పెద్ద తేడా తెలియలేదు.

మరి పల్లెటూరివాడు ఏమన్నాడు? అసలు చిక్కు అక్కడే ఉంది. అనడానికి అతనికి నోరు లేదు. 1832 సంస్కరణ చట్టం ఏడాదికి 50 పౌన్లు కౌలు కట్టే రైతుకు ఓటిచ్చింది. కానీ ఓటు బహిరంగం. ఎవరికి వేస్తున్నదీ అందరిముందూ పైకి చెప్పాలి. కౌలుపత్రం లేని రైతును భూస్వామి ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళగొట్టవచ్చు. కనుక దొర ఎటు చూపిస్తే ఓటు అటే. ఇక దక్షిణ జిల్లాల్లో వారానికి ఏడెనిమిది షిల్లింగుల కూలికి పనిచేసే పాలేళ్ళకు ఆ ఓటు కూడా లేదు. ధాన్య చట్టం రైతు మేలుకోసమేనని పార్లమెంటులో రోజూ ప్రసంగాలు సాగేవి. చేసేవాళ్ళు మాత్రం కౌలు వసూలు చేసుకునేవాళ్ళు.

1838లో మాంచెస్టర్‌లో ధాన్య చట్ట వ్యతిరేక సంఘం వెలిసింది. మరుసటి ఏడు అదే లీగ్ అయింది. కాబ్డెన్ దానికి బుర్ర, కాళ్ళు కూడాను. డబ్బు మిల్లు యజమానులది. 1840లో కొత్తగా వచ్చిన పెన్నీ పోస్టును వాళ్ళు వాడుకున్నట్టు ఇంకెవరూ వాడుకోలేదు. కరపత్రాలు లక్షల్లో పంచారు. 1819లో గుర్రపు దళం జనం మీద పడి కత్తులతో నరికిన సెయింట్ పీటర్స్ మైదానంలో కాబ్డెన్‌కు స్థలం ఉండేది. స్వేచ్ఛా వాణిజ్య భవనం లేచింది ఆ స్థలంలోనే. 1841లో స్టాక్‌పోర్ట్ నుంచి ఆయన కామన్స్ సభకు గెలిచాడు. అదే ఏడు సెప్టెంబరులో జాన్ బ్రైట్ భార్య చనిపోయింది. దుఃఖంలో ఉన్న ఆ మిత్రుణ్ణి పరామర్శించడానికి వెళ్ళి, ఆకలితో కూలిపోతున్న ఇళ్ళు వేలల్లో ఉన్నాయని గుర్తుచేసి పోరాటంలోకి తీసుకొచ్చాడు.

కార్మికులు వెంటనే నమ్మలేదు. అందరికీ ఓటు కావాలని ఉద్యమిస్తున్న చార్టిస్టులు లీగు సభల్లోకి చొరబడి గొడవ చేసేవారు. రొట్టె చవకైతే కూలి కూడా తగ్గించవచ్చని యజమానుల ఎత్తు అని వాళ్ళ అనుమానం. ఆ అనుమానం తప్పని నేను తేలిగ్గా అనలేను. వయసొచ్చిన కార్మికుల పని గంటలను చట్టంతో తగ్గించడాన్ని కాబ్డెన్ వ్యతిరేకించినవాడే. సుంకం విషయంలో పేదవాడి పక్షాన నిలిచినవాడు గంటల విషయంలో యజమాని పక్షాన నిలబడ్డాడు. ఆయనను ఎంత మెచ్చుకున్నా ఈ మచ్చ దాచలేం.

నాకు ఆయన నిజంగా నచ్చేది 1843లో. పట్నాల్లో చప్పట్లు చాలించి పల్లె ప్రాంతాలకు బయలుదేరాడు. హెర్ట్‌ఫర్డ్, బెడ్‌ఫర్డ్, కోల్చెస్టర్ లాంటి చోట్ల రైతులు పోగయిన బహిరంగ సభల్లో నిలబడి మాట్లాడాడు. ఊరి పెద్దలు ఎదురువాదనకు వచ్చేవారు. తానూ రైతుబిడ్డనేనని మొదలుపెట్టి లెక్క చెప్పేవాడు. పార్లమెంటు మీకు మంచి ధర వస్తుందని ఆశపెట్టింది, ఆ ఆశమీద దొర కౌలు నిర్ణయించాడు, 1835లో ధర 39 షిల్లింగులకు పడిపోయినప్పుడు పార్లమెంటు తేడా ఇచ్చిందా, దొర కౌలు మాఫీ చేశాడా అన్నది ఆ లెక్క సారాంశం. చట్టం ధరను నిలబెట్టలేదు, కౌలును మాత్రం నిలబెట్టింది. ధాన్యం పిరమైన ఏడు పాలేరు కూలి పెరగదు, అతని పిల్లల కంచంలో రొట్టె తగ్గుతుంది. తండ్రి దివాలా చూసినవాడు కనుక ఈ మాటలు పుస్తకంలోంచి వచ్చినట్టుండేవి కావు. చేతులెత్తమంటే చాలాచోట్ల రైతులు ఆయనవైపే ఎత్తారు. ఓటు వేయమన్నప్పుడు ఎత్తగలరా అన్నది వేరే సంగతి.

అది ఆయనకూ తెలుసు. అందుకే ఇంకో దారి వెతికాడు. జిల్లాలో ఏడాదికి 40 షిల్లింగుల రాబడి వచ్చే సొంత ఆస్తి ఉంటే ఓటు వస్తుందని పాత చట్టం ఒకటుంది. 1844 నుంచి లీగు తన మనుషులచేత చిన్న చిన్న ఇళ్ళు, స్థలాలు కొనిపించి వేలకొద్దీ కొత్త ఓటర్లను తయారుచేసింది. డబ్బుతో ఓట్లు సృష్టించడమే కదా అంటే, అవును. భూస్వాములు అంతకుముందు చేసిందీ అదే.

1845 మార్చి 13న, కౌలు రైతుల, పాలేళ్ళ దుస్థితిపై విచారణ సంఘం వేయాలని కామన్స్ సభలో ఆయన మాట్లాడాడు. కౌలుకు భద్రత లేనిదే రైతు భూమిలో పెట్టుబడి పెట్టడనీ, ధాన్య చట్టం ఆ జబ్బుకు మందు కాదనీ ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. ప్రధాని రాబర్ట్ పీల్ సమాధానం కోసం రాసుకుంటున్న కాగితాన్ని చేతిలో నలిపేసి, పక్కనున్న సహచరుణ్ణి జవాబు చెప్పమన్నాడట. ఆ శరదృతువులోనే ఐర్లండులో బంగాళాదుంప తెగులు వచ్చిపడింది.

1846 జనవరిలో విల్ట్‌షైర్‌లోని గోటేకర్ అనే పల్లెలో పాలేళ్ళు రాత్రివేళ ఆరుబయట సభ జరుపుకున్నారు. ఓటు లేనివాళ్ళు, చదువు అంతంతమాత్రం. ఒక్కొక్కరూ లేచి తమ ఇంట్లో ఎంతమంది ఉన్నారో, కూలి ఎంతో, రొట్టెకు ఎంతవుతుందో చెప్పుకున్నారు. పత్రికలు రాసుకున్నాయి. భూస్వాముల ప్రసంగాలన్నిటికీ ఆ రాత్రి సభే జవాబని నాకనిపిస్తుంది.

మే 15న కామన్స్ సభలో రద్దు బిల్లు 327 ఓట్లతో నెగ్గింది, వ్యతిరేకం 229. పీల్ సొంత పక్షంవాళ్ళే ఎక్కువమంది ఎదురుతిరిగారు. జూన్ 25న ప్రభువుల సభ ఒప్పుకున్న రాత్రే మరో బిల్లు మీద పీల్ ప్రభుత్వం ఓడింది. వెళ్ళిపోతూ పీల్ ఈ ఘనత తనది కాదు, కాబ్డెన్‌దని సభలో చెప్పాడు. అప్పటికి కాబ్డెన్ వ్యాపారం దాదాపు మునిగిపోయింది. ఏడేళ్ళు దాన్ని చూసుకున్నది లేదు. అభిమానులు చందాలెత్తి సుమారు 75 వేల పౌన్లు ఇచ్చారు. అందులోంచి ఆయన మొట్టమొదట తండ్రి పోగొట్టుకున్న డన్‌ఫర్డ్‌ను తిరిగి కొన్నాడు. చాలా డబ్బు అమెరికాలో ఇల్లినాయ్ సెంట్రల్ రైల్వే వాటాల్లో పెట్టి చిక్కుల్లో పడ్డాడు. ఆ రైలు వేసింది అమెరికా మైదానాల ధాన్యాన్ని మోయడానికే. ఈ సంగతి మళ్ళీ వస్తుంది.

తరువాతి జీవితం త్వరగా చెప్పవచ్చు. క్రిమియా యుద్ధాన్ని వ్యతిరేకించి జనానికి కంటయ్యాడు, 1857లో ఓడిపోయాడు. అంతకు ముందేడు పదిహేనేళ్ళ కొడుకు జర్మనీలో బడిలో ఉండగా చనిపోయాడు. ఆ దెబ్బనుంచి భార్య కేథరిన్ చాలాకాలం తేరుకోలేదు. మంత్రి పదవి ఇస్తామంటే వద్దన్నాడు. 1860 జనవరిలో ఫ్రాన్సుతో వాణిజ్య ఒప్పందం కుదిర్చాడు. 1865 ఏప్రిల్ 2న లండన్లో కన్నుమూశాడు. సమాధి ససెక్స్‌లోనే, వెస్ట్ లావింగ్టన్‌లో, కొడుకు పక్కన.

మనదేశం గురించి ఆయన ఆలోచనలు ఆనాటి ఇంగ్లీషువాళ్ళవి కావు. 1853లో బర్మా యుద్ధాన్ని దుయ్యబడుతూ పుస్తకం రాశాడు. ఇండియాను ఏలడం ఇంగ్లండుకు చేటని నమ్మాడు. అయినా ఆయన సిద్ధాంతం ఇక్కడికి వచ్చిన తీరు వేరు. నరసాపురం పక్కన మాధవాయిపాలెం ఉంది. ఇవాళ గోదావరి దాటే రేవుగానే చాలామందికి తెలుసు. ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీ అక్కడ బట్ట కొనేది. ఆ ఊరిపేరే మాదాపోలం గుడ్డకు పేరయింది. 1830లలో లాంకషైర్ బట్ట మన రేవుల్లో నూటికి మూడున్నర సుంకంతో దిగేది, మన నూలు బట్ట ఇంగ్లండులో నూటికి పది కట్టేది. 1833 చార్టరుతో కంపెనీ వ్యాపారమే మానుకుంది. కొన్నాళ్ళకు మాదాపోలం అన్న పేరుతోనే లాంకషైర్ మర గుడ్డ తూర్పు దేశాలకు ఎగుమతి అయింది. 1882లో నూలు బట్టమీద ఉన్న కాస్త సుంకమూ స్వేచ్ఛా వాణిజ్యం పేరుతో తీసేశారు. 1896లో దిగుమతి బట్టమీద మూడున్నర శాతం సుంకం ఉంచి, సరిసమానం కావాలని మన మిల్లు బట్టమీదా అంతే పన్ను వేశారు. గోదావరి సాలెవాడి తరఫున గోటేకర్ పాలేళ్ళలా మాట్లాడదామన్నా, వినే పార్లమెంటు ఏడు సముద్రాల అవతల ఉంది.

ఇంగ్లండు రైతు సంగతి? రద్దయిన పాతికేళ్ళదాకా ధర పడిపోలేదు. కాబ్డెన్ చెప్పిందే నిజమని అందరూ అనుకున్నారు. 1870ల చివర్లో రైళ్ళు, ఆవిరి ఓడలు అమెరికా గోధుమను కుప్పలుగా దింపాయి. 1894లో క్వార్టరు ధర 23 షిల్లింగులు కూడా పలకలేదు. గోధుమ చేలు గడ్డిబీళ్ళయ్యాయి, పాలేళ్ళు పట్నాలకు, పరదేశాలకు వలసపోయారు. అంత దూరంనుంచి అంత చవగ్గా ధాన్యం రాగలదని కాబ్డెన్ ఊహించలేదు, ఆ రైలులో వాటాలు ఉండి కూడా.

రహస్య ఓటు 1872లో వచ్చింది, పాలేరుకు ఓటు 1884లో. మరుసటి ఏడే జోసెఫ్ ఆర్చ్ అనే పాలేళ్ళ నాయకుడు నార్ఫక్ పల్లెల నుంచి పార్లమెంటుకు గెలిచాడు. 1906 ఎన్నికల్లో మళ్ళీ సుంకాలు పెడదామన్న పక్షం చిత్తుగా ఓడింది. పల్లె సీట్లు కూడా ఎన్నో పోగొట్టుకుంది. పెద్ద రొట్టె, చిన్న రొట్టె బొమ్మలు ఆ ఎన్నికల్లో ఊరూరా కనిపించాయి. ధర పడి రైతు దెబ్బతిన్నా, కొనుక్కుతినే పాలేరు సుంకం వద్దనే వేశాడు.

అంతకు రెండేళ్ళముందు, 1904లో, కాబ్డెన్ కూతురు జేన్ ఒక పుస్తకం తెచ్చింది. పేరు ఆకలి నలభైలు అని చెప్పుకోవచ్చు. 1840లు చూసిన పల్లెటూరి ముసలివాళ్ళ జ్ఞాపకాలు సేకరించి వేసింది. బార్లీ రొట్టెలు, టీ ఆకు కొనలేక మాడిన రొట్టెముక్క మీద వేన్నీళ్ళు పోసుకుని తాగడం, ఇలాంటివే అందులోని సంగతులు. మాధవాయిపాలెం సాలెవాళ్ళను అలా అడిగి రాసిన పుస్తకం కోసం నేను చాలాచోట్ల వెతికాను. ఇంకా దొరకలేదు.